ఎర్ర రిబ్బను పిన్ను

“పైకి రమ్మంటే ‘సరే’ అంటోంది, కదలడం లేదు,” అంది శాస్త్రవేత్త మేడమ్, మూడోసారి మీట నొక్కి.

ఓడ కింద నాలుగు కిలోమీటర్ల లోతున, సముద్రం అడుగున, భూమ్యాకర్షణను కొలిచే పెట్టె కూర్చుని ఉంది. దానికి తాడు లేదు; కట్టిన బరువులు వదిలేస్తేనే అది పైకి తేలుతుంది.

మెకానిక్ గోడమేకు వైపు చూశాడు. బరువులు ఊడకుండా పెట్టే పిన్నును, పెట్టె దించేముందు లాగేసి, దాని ఎర్ర రిబ్బనుతో అక్కడ తగిలించాలి. మేకు ఖాళీగా ఉంది.

“మీరు తీశారనుకున్నాను మేడమ్.”

“నేనేమో నువ్వు తీశావనుకున్నా. ఇద్దరం కలిసి దాని కొంప ముంచాం.”

తెరమీద అంకెలు వస్తూనే ఉన్నాయి.

“ఇంత నిలకడైన కొలత పదేళ్లలో రాలేదు,” అందామె.

“బ్యాటరీ ఎన్నాళ్లుంటుంది మేడమ్?”

“తొమ్మిది రోజులు.”

భూమి తనను ఎంత గట్టిగా పట్టుకుందో అడుగునున్న పెట్టె బుద్ధిగా చెబుతూనే ఉంది.