పొగమంచులో కాపలా

"ఆగు బావా, ఇప్పుడు మంచు విడిపోతుంది చూడు" అన్నాడు బావమరిది, తను తయారుచేసిన వీడియోగేమ్ నడుస్తున్న లాప్‌టాప్ మీదికి వంగి.

తెర మీద కోటగోడ. పొగమంచులోంచి వస్తున్న నీడల్ని బావ ఇందాకట్నుంచీ బాణాలతో కొట్టి పడేస్తున్నాడు. ఒక్కటీ లోపలికి రాలేదు. గెలిచానన్న ఊపులో కుర్చీలో వెనక్కి వాలాడు. మంచు విడిపోయింది. గోడ కింద పడున్నవాళ్లు శత్రువులు కారు. పని ముగించుకుని ఇళ్లకు తిరిగొస్తున్న ఆ ఊరివాళ్లే.

బావకి ఒళ్లు జలదరించింది.

బావమరిది ఈ ఆట పంపబోతున్న పోటీకే తనూ ఒక ఆట తయారుచేస్తున్నాడు. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇలాంటి మలుపు తట్టలేదు. పనిచేసే గేమ్ స్టూడియో మూతపడ్డాక ఇంట్లోనే కూర్చున్నాడు. గెలిచినవాళ్లకి ఉద్యోగం ఖాయం.

"ఎలా ఉంది బావా?"

"ముగింపు తేలిపోయిందిరా. ఇలాంటివి బోలెడొచ్చాయి. తీసెయ్."

బావమరిది మొహం చిన్నబోయింది. "ఈ పని నేర్పిందే నువ్వు. నువ్వు బాలేదంటే బాలేనట్టే" అన్నాడు. అక్క తెచ్చిన కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

"ఏమన్నారు వాణ్ణి?" భార్య నిలదీసింది.

"ఉన్నమాటే అన్నాను."

ఆ వారమే బావ ఆట పూర్తయింది. కోటకి బదులు ఓడరేవు, బాణాలకి బదులు ఫిరంగులు. మంచు మాత్రం అదే. 'వాడెలాగూ తీసేస్తాడుగా' అని మనసుకి సర్దిచెప్పుకుని పంపించేశాడు.

గడువు ముగిసే రోజు ఫోన్ మోగింది.

"బావా, నేనూ పంపేశాను. నువ్వు వద్దన్నా ఆ ముగింపు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. ఏమనుకోకు. ఇంకో సంగతుంది, ఫలితాలొచ్చాక చెప్తాలే."

బావ గబగబా ఫోన్ పెట్టేశాడు. వాడికి తెలిసిపోయిందా? తెలిస్తే తెలియనీ, ముందు పంపింది తనే కదా అని మొండిధైర్యం తెచ్చుకున్నాడు.

కొన్నాళ్లకి పోటీ నిర్వాహకురాలు ఫోన్ చేసింది.

"సారీ సర్, మీ ఆటలు రెండూ పోటీలోంచి తీసేశాం. ఒకరి పేరు మీద ఒక్క ఆటే ఉండాలన్నది నిబంధన."

"నేను పంపింది ఒక్కటేనండీ, రేవు ఆట!"

"కోట ఆట కూడా ఉంది కదండీ. ముగింపు కూడా ఒకటే."

 ఇప్పుడు నోరు మెదపకపోతే దొంగ తనే అవుతాడనుకున్నాడు బావ.

"అది మా బావమరిది పంపిందండీ. నా దగ్గర చూసి కొట్టేశాడు. మొదట్నుంచీ వాడి బుద్ధే అంత. వాడిది తీసేసి నాది ఉంచండి."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"సర్, ఆయన ఆ ఆటకి తన పేరుకంటే ముందు మీ పేరే పెట్టారు."