వెర్బాకు వస్తున్న ఇల్లు

మొదట కిర్రుమన్న చప్పుడు వినిపించింది. పొగమంచులో ఏమీ కనబడలేదు. ముసలి దూలాలు మూలుగుతున్నట్టు, అరలో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు ఆ చప్పుడు గోధుమ చేల మీదుగా మెల్లగా దగ్గరైంది.

“వస్తోంది!” అంది పెద్దమ్మ. ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ చుట్టుపక్కల ఒక్కరూ మిగల్లేదు.

ఆవిడ వెనక, ఊరి హాలు మెట్ల మీద, వెర్బా జనాభా అంతా నిలబడి ఉంది. తొమ్మిది మంది.

కెనడా మైదానంలో స్కేలు పెట్టి గీసినట్టున్న రోడ్డు. రోడ్డుకు ఉత్తరాన ఐదిళ్లు, ఒక ధాన్యపు గోదాము. దక్షిణాన లోతైన కాలువ. బండి దాటాలంటే మైలు దూరం పోవాలి. కాలువకు అవతల వేరే మండలం. మిగతాదంతా ఆకాశం.

పదిమంది లేని ఊరి పేరు పటంలో ఉండదు. పేరు లేని ఊరికి చలికాలంలో మంచు తోసే బండి రాదు. సర్కారు తరఫున జనాభా లెక్క రాయడానికి వచ్చిన డోరీన్ తొమ్మిది పేర్లు రాసి, పదో గీత ఖాళీగా ఉంచి, గడియారం చూసుకుంది. గడువు మధ్యాహ్నం పన్నెండు.

“ఇల్లు ఈ ఊరి నేల మీద ఆనితేనే రాస్తాను. లారీ మీదుంటే కుదరదు,” అంది.

మంచు తెర తొలగింది. నీలం కిటికీల చెక్క ఇల్లు, పొడవాటి లారీ వీపు మీద ఊగుతూ బయటపడింది. పెద్దమ్మ ఊపిరి బిగబట్టింది.

“వచ్చే మనిషికి నోరెక్కువటగా, పెద్దమ్మా?” అన్నాడు ట్రాక్టరు ఓస్తాప్.

“నీకు బుద్ధి తక్కువ కదరా, సరిపోతుందిలే.”

“వంటైనా వచ్చంటావా?”

“నువ్వు తినే తిండికి ఎవరి వంట చాలుతుంది?”

మెట్లన్నీ నవ్వాయి. అంతలోనే ఆగిపోయాయి. ఇంటి కోసం వేసి ఉంచిన పునాదికి ముప్పై అడుగుల దూరంలో లారీ వెనక చక్రం బురదలో దిగబడింది. ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. లోపల ఏదో భళ్లుమంది. పెద్దమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటికి పదకొండయింది.

“గుడ్లప్పగించి చూస్తారేంట్రా? పట్టండి!”

ఓస్తాప్ ట్రాక్టరుకు గొలుసు తగిలించాడు. మిగిలిన ఎనిమిది మందీ భుజాలు ఆనించారు. వాళ్ల వెనక పెద్దమ్మ తిట్లు ఆనించింది. చక్రం కింద పరిచిన గడ్డి చాలకపోతే, భుజం మీది ఉన్ని శాలువా తీసి పరిచింది.

“అయ్యో, పెళ్లినాటి శాలువా కదే!” అంది ఓస్తాప్ భార్య.

“పెళ్లి అయిపోయిందిగా. తొయ్యి!”

చక్రం కదిలింది. ఇల్లు కదిలింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా, అలసిన ఆవులా, కొత్త పునాది రాళ్ల మీద కూర్చుంది.

డోరీన్ కలం మూత తీసింది. “ఇంటి మనిషి ఏరీ? ఇంకా రాలేదా? పేరు కావాలి నాకు.”

నవ్వులు ఆపుకుంటూ అందరూ పక్కకు తప్పుకున్నారు. ఓస్తాప్ టోపీ తీశాడు.

కాలువకు అవతల, వేరే మండలం లెక్కలో, యాభై ఒక్క ఏళ్లు కాపురమున్న ఇంటిని చుట్టు తిప్పి ఇక్కడికి తెప్పించుకున్న పెద్దమ్మ, తన గుమ్మం తానెక్కి, గొంతు సవరించుకుని పలికింది: “తెక్లా బొయ్‌చుక్.”