చివరివాడు వేసే గేటు

"గేటు బార్లా తెరిచి వచ్చేస్తారా? గొర్రెలన్నీ నా బార్లీ చేలో పడ్డాయి." యార్క్‌షైర్ రైతు కాలిబాటకి అడ్డంగా నిలబడ్డాడు.

"చివర నడిచేవాళ్లే గేటు వెయ్యాలి. నేను ముందున్నాను," అంది హిల్డా, తమ్ముడి వంక చూస్తూ.

"నా వెనక బావ..." అని నార్మన్ ఆగిపోయాడు.

ఏటా ముగ్గురూ పొలాల మీదుగా చేసే ఈ నడకలో చివర వచ్చేది హిల్డా భర్త రాల్ఫే. మార్చిలో పోయాడు. వీళ్లిద్దరే తొమ్మిది రోజులుగా మండుటెండలో నడుస్తున్నారు. దాటిన గేట్లకు లెక్కలేదు. ఒక్కటీ వేసిన గుర్తు ఇద్దరికీ లేదు.

"ఇంతకీ మీరెంతమంది?" అన్నాడు రైతు.

"ముగ్గురం," అంది హిల్డా.

రైతు వాళ్ల వెనక్కి చూశాడు.

ఇద్దరూ వెనక్కి నడిచారు. నార్మన్ గొళ్లెం అందుకున్నాడు. అవతల మాడిన గడ్డి మధ్య ఖాళీ బాట ఎండకి మెరుస్తోంది.

"ఉండరా," అంది హిల్డా. "మీ బావని రానీ."