ఆరింటి తలుపు చప్పుడు

"పొయ్యి గొట్టం మీద సాక్సులు ఆరేస్తే టీ కూడా సాక్సుల వాసనే వస్తోంది అత్తయ్యా," అంది కోడలు.

"మరెక్కడ ఆరెయ్యమంటావు, మంచులోనా? నిన్న కిటికీకి వేస్తే అట్టముక్కల్లా బిగిసిపోయాయి," అంది అత్తగారు.

"నా సాక్సుల గొడవ వదిలెయ్యండి. తడివే తొడుక్కుపోతాను," అన్నాడు పాస్టరు.

"తొడుక్కో. జలుబు చేస్తే నా దగ్గరికి రాకు," అంది అతని తల్లి.

అప్పుడే తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

ముగ్గురూ తలుపు వైపు తిరిగారు. గడియారంలో ఆరైంది.

"టకటక తాత," అంది ఆరేళ్ళ పాప, దుప్పట్లోంచి.

సువార్త పని మీద ఈ చలి దేశానికి వచ్చి వాళ్ళకు మూడు వారాలైంది. మిషన్ వాళ్ళు ఇచ్చిన ఇల్లంటే ఒకటే గది. మధ్యలో బొగ్గుల పొయ్యి, దాని రేకు గొట్టం పైకప్పు దాకా.

కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయన రోజూ ఆరింటికి తలుపు తడతాడు. "లేచారా?" అంటాడు. లోపలికి తొంగిచూసి, నలుగురినీ చూపుతో లెక్కపెట్టుకుని, పొయ్యి వంక ఒకసారి చూసి దిగిపోతాడు.

ఆ లెక్కే పాస్టరుకు గుబులు. ఇళ్ళలో ప్రార్థనకు బయటివాళ్ళు చేరకూడదని ఆ ఊళ్ళో ఆంక్ష ఉంది. పక్క వీధిలో మిషనరీ దంపతులు ఉండేవారు. వీళ్ళకు చలికోట్లిచ్చి, రొట్టెల కొట్టు చూపించిన స్నేహితులు వాళ్ళే. వాళ్ళింట్లో ప్రార్థనకు జనం చేరుతున్నారని ఎవరో చెప్పడంతో, పోయిన వారమే అధికారులు వాళ్ళను దేశం నుంచి తిప్పి పంపేశారు.

"ఆ చెప్పింది ఈయన కాదని ఏంటి నమ్మకం?" అన్నాడు పాస్టరు గొంతు తగ్గించి.

"ఊళ్ళో తలుపులన్నీ తట్టేది నువ్వు. మన తలుపు ఒక్కడు తడితే ఓర్చుకోలేవు," అంది తల్లి.

"నేను మనుషుల్ని లెక్కపెట్టుకు పోనమ్మా."

వెళ్ళి తలుపు తీశాడు.

"లేచారా?"

"లేచాం. రోజూ ఈ లెక్క మీకెందుకు? ఎవరికి అప్పజెప్పాలి?"

ముసలాయన తడబడ్డాడు. "ఎవరికీ కాదు బాబూ. బొగ్గు ఎర్రగా ఉన్నప్పుడు ఆ గొట్టానికి..."

"మా పొయ్యి సంగతి మేం చూసుకుంటాం. రేపట్నుంచి మా తలుపు తట్టకండి."

ముసలాయన రెండు మెట్లు దిగి ఆగాడు. తలుపు మూసుకుంది.

"పెద్దాయన. కాస్త మెల్లగా చెప్పాల్సింది," అంది భార్య.

"మెల్లగా చెప్తూ కూర్చుంటే మనమూ సామాను సర్దుకోవాలి."

మర్నాడు ఆరైంది. చప్పుడు లేదు. అత్తాకోడళ్ళు గడియారం వంక చూశారు.

మూడో రోజు చలి ముదిరింది. గదిలో బకెట్ నీళ్ళ మీద కూడా మంచు పేరింది.

అత్తగారు పొయ్యి చుట్టూ తిరిగి, గొట్టానికున్న చిన్న ఇనప పిడి తిప్పి చూసింది. లోపల మూత పడింది.

"వేడంతా పైకే పోతోందిరా. ఇది మూస్తే చూడు, ఎంత వెచ్చగా ఉందో. ఇన్నాళ్ళూ ఊరికే వణికి చచ్చాం."

"నువ్వు ఇంజనీరువి కావాల్సిందమ్మా."

బొగ్గు ఇంకా ఎర్రగానే ఉంది. వచ్చాక మొదటిసారి నలుగురూ దుప్పట్లు తన్నేసి నిద్రపోయారు.

చప్పుడు లేకపోయినా, అలవాటైన వేళకి కోడలికి మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. లేవబోతే కాళ్ళు నిలవలేదు. పాపను కుదిపింది.

పాప కదల్లేదు.

పాకుతూ వెళ్ళి తలుపు లాగింది. మెట్ల మీద పడి అరిచింది.

నలుగురూ బతికారు. పాప కళ్ళు తెరిచేసరికి మాత్రం సాయంత్రమైంది.

"బొగ్గు చల్లారకముందే మూత వేస్తే విషవాయువు గదిలోనే నిలిచిపోతుంది. వాసన కూడా రాదు," అన్నాడు డాక్టరు. "ఇక్కడ పిల్లలక్కూడా తెలుసు. మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పబోయారు," అన్నాడు పాస్టరు.

ఆస్పత్రి నుంచి వచ్చి నేరుగా కింది అంతస్తుకే వెళ్ళాడు. తలుపుకు తాళం.

"తాత కోసమా?" అన్నాడు వాచ్‌మన్. "మీ ఇంటి నుంచి దిగొచ్చిన రోజే గుండెనొప్పి వచ్చింది. నిన్న పోయాడు. ఆస్పత్రి మంచం మీదా ఒకటే గోల. పైవాళ్ళు లేచారో లేదో చూసి రమ్మని. నాకు వేరే పనిలేదా అన్నాను."

"ఆయన తరఫు వాళ్ళు?"

"ఎవరూ లేరు. శవం ఇంకా ఆస్పత్రిలోనే ఉంది."

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. అత్తగారు పాపకు తినిపిస్తోంది కానీ తను ముద్ద ముట్టడం లేదు. మూత వేసిన చేతిని చీర కొంగులో చుట్టుకుని, ఎడమ చేత్తోనే తినిపిస్తోంది.

"రేపు ఆయన్ని మనమే మట్టిచేస్తున్నాం," అన్నాడు పాస్టరు. "మన మిషన్ సమాధుల్లోనే."

"బయటి మనిషిని అక్కడ పెట్టనిస్తారా?" అంది భార్య.

"ఆయన పేరు చెప్పగానే మిషన్ ఆఫీసువాళ్ళు పాత రిజిస్టరు తీశారు. నలభై ఏళ్ళ కిందట మన మిషన్ నుంచి ఈ ఊరికి మొదట వచ్చింది ఇద్దరు స్నేహితులట. ఈ గదిలోనే ఉన్నారట. ఒకాయన ఈ పొయ్యి వల్లే పోయాడు. చలేస్తోందని రెండో ఆయన మూత వేశాడు."

అత్తగారు తలెత్తింది.

"ఆ మూత వేసినాయన ఏమయ్యాడురా?"

"సేవ మానేశాడు కానీ ఊరు వదల్లేదమ్మా, కింది అంతస్తులో ఇల్లు తీసుకుని, ఈ గదిలో ఎవరు దిగినా పొద్దున్నే వచ్చి తలుపు తట్టేవాడు."