అద్దాల నేల

"వస్తుందంటావా?" మళ్లీ అడిగాడు చైతన్య.

"వస్తుందిరా బాబూ. నీ కంగారుతో నన్ను చంపకు," అన్నాడు మాలకొండ.

గుంటూరు ఊరి చివర కొత్తగా కట్టిన వ్యూ టవర్ కింద నిలబడ్డారు ఇద్దరూ. చైతన్య చేతిలో మూడు టికెట్లు. మూడోది ఉదయశ్రీకి.

రేపు తెల్లవారుజామున వేటపాలెంలో ఉదయశ్రీ పెళ్లి. పెళ్లికొడుకు చైతన్య కాదు. ఎవడో ఆమెకీ సరిగ్గా తెలియదట. సంబంధం కుదిరిన రోజే వాళ్ల నాన్న ఆమె ఫోన్ లాక్కున్నాడు. ఈ కబుర్లన్నీ మోసుకొచ్చింది మాలకొండే. వాడిదీ వాళ్ల వీధే.

ఊళ్లోకి వెళ్తానని చైతన్య ఎగిరితే ఆపింది కూడా వాడే.

"నువ్వక్కడ కనబడితే వాళ్లన్నలు తల పగలగొడతారు. నేనున్నాగా! బ్యూటీ పార్లర్ పేరు చెప్పి గుంటూరు వచ్చెయ్యమంటా. టవర్ దగ్గర కలుసుకోండి. అట్నుంచటే రైలెక్కెయ్యండి."

కాలేజీ రోజుల నుంచీ ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. నమ్మడానికి చైతన్య రెండోసారి ఆలోచించలేదు.

"ఏంట్రా, బూట్లేసుకొచ్చావ్? నీ హవాయి చెప్పులు చచ్చిపోయాయా?"

"సిటీకొచ్చేటప్పుడు కాస్త మర్యాదుండొద్దూ?"

"మొహం కూడా మెరిసిపోతోంది."

"శనివారం కదరా. తలంటు పోసింది మా అమ్మ."

లిఫ్ట్ పైకెళ్లి ఆగింది. పై అంతస్తులో సగం నేల అద్దం.

"చెప్పులు, బూట్లు ఇక్కడే విప్పాలండీ," అన్నాడు గార్డు.

మాలకొండ ఒకడుగు వెనక్కేశాడు. "నాకు కళ్లు తిరుగుతాయిరా. నువ్వెళ్లు."

చైతన్య ఒక్కడే వెళ్లి అద్దం మీద నిలబడ్డాడు. పాదాల కింద గాలి తప్ప ఏమీ లేనట్టుంది. బాగా కింద, గేటు. ఆటో ఆగినప్పుడల్లా వంగి చూశాడు. ఎవరెవరో దిగుతున్నారు. ఉదయ దిగడం లేదు. దూరంగా కళ్లాల్లో ఆరబోసిన మిర్చి, ఊరికి ఎర్రటి అంచు కట్టినట్టుంది.

"ఒరేయ్ కొండా, మళ్లీ ఒకసారి చెప్పు. నా మాట చెప్పగానే ఏమంది?"

"ఏడ్చింది."

"అంతేనా?"

"ఇంకేం అంటుందిరా?"

"రాకపోతే నువ్వే వెళ్లి తీసుకురారా. నీ చెల్లెలనుకో."

అంతలో మాలకొండ జేబులో ఫోన్ మోగింది. పక్కకి తిరిగి గొంతు తగ్గించాడు. "తెలుసమ్మా, బయటికి రాకూడదని. రాత్రికల్లా వచ్చేస్తా. పెట్టెయ్."

"ఏంటట?"

"ఎండలు కదా. మా అమ్మ భయం మా అమ్మది."

పొద్దు వాలింది. గార్డు విజిల్ వేసి అందర్నీ దింపేశాడు. మూడో టికెట్ చైతన్య గుప్పిట్లో చెమటకి మెత్తబడిపోయింది.

"ఇందాకే కబురొచ్చిందిరా," అన్నాడు మాలకొండ, వేరే వైపు చూస్తూ. "రాదట. ఆ పెళ్లికే ఒప్పుకుందట."

చైతన్య ఆ టికెట్‌ని నలిపి కింద పడేశాడు.

"ఇంత మోసం చేస్తుందా రా?"

"మోసం అనకు. ఎవరి కారణాలు వాళ్లకుంటాయి. పద, ఏదైనా తిందువు గాని."

తీసుకెళ్లింది శాకాహార హోటల్‌కి. అరిటాకు వేశారు. ఇంత దుఃఖంలోనూ చైతన్యకి ఆశ్చర్యమేసింది.

"బిర్యానీ తినకుండా ఏనాడైనా గుంటూరు నుంచి కదిలావా నువ్వు?"

"మానేశా."

"శనివారమనా? పోయిన శనివారం నాటుకోడి లాగించావుగా!"

"పెళ్లయ్యేదాకా ముట్టనన్నా."

చైతన్య చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. "నా పెళ్లి కోసం మొక్కుకున్నావా?"

మాలకొండ తల వంచుకుని గోంగూర కలుపుకున్నాడు.

"లోకంలో నాకు మిగిలింది నువ్వేరా," అన్నాడు చైతన్య. కళ్లు తుడుచుకున్నాడు. "ఆ పెళ్లికొడుకెవడో తెలిస్తే బాగుండు."

"తెలిస్తే? కొడతావా?"

"కొట్టను. కాళ్లు పట్టుకుంటా. తాళి కట్టొద్దని అడుక్కుంటా. ఇంకా తెల్లారలేదుగా."

మాలకొండకి పొలమారింది. దగ్గుతూ నీళ్ల గ్లాసు కోసం చెయ్యి విసిరాడు. పక్కనుంచి వెళ్తున్న సర్వర్ చేతికి తగిలింది. పొగలు కక్కే సాంబారు బకెట్ ఒరిగిపోయి, సగం వాడి కాలి మీదే పడింది.

"అమ్మా!" కెవ్వుమన్నాడు మాలకొండ.

"విప్పు, విప్పు! బూట్లోకి దిగింది!" చైతన్య కుర్చీ తన్నేసి లేచాడు.

"వద్దురా. ఏం కాలేదు. వదిలెయ్!" మాలకొండ కాలు బల్ల కిందికి లాక్కోబోయాడు.

"నోర్ముయ్. బొబ్బలెక్కిపోతాయి."

చైతన్య నేల మీద మోకాళ్లూని కూర్చున్నాడు. స్నేహితుడి కాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. బూటు ఊడబెరికాడు. తడిసిన సాక్స్ లాగేశాడు.

మడమ నుంచి వేళ్ల దాకా, ఎర్రటి అంచు కట్టినట్టు, పొద్దున పెట్టిన పారాణి.