మూడో ట్యాంకు సీసా

"సంతకం లేని సీసా చెల్లదమ్మా. చెత్తబుట్టలో పారేయ్," అన్నాడు మేనేజరు.

ల్యాబ్ అమ్మాయి సీసాని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆ చీజ్ ఫ్యాక్టరీలో ట్యాంకుల లోపల దూదితో తుడిచి, ఆ దూదిని సీసాలో పెట్టి ల్యాబుకి పంపుతారు. సీసాకి అంటించే చీటీ పై సగంలో ట్యాంకు నంబరు అచ్చేసి ఉంటుంది, కింది సగంలో తుడిచినవాళ్లు సంతకం పెట్టాలి. రెండు రోజుల క్రితం ఆమె బల్ల మీద చడీచప్పుడు లేకుండా ప్రత్యక్షమైన ఈ సీసాకి పై సగమే ఉంది. మూడో ట్యాంకు, 'వాల్వు' అన్నచోట టిక్కు. కింది సగం ఎవరో చింపేశారు.

"సంతకం చిరిగింది గానీ బ్యాక్టీరియా చిరగలేదు సార్," అంటూ ఆమె ఆ దూదిని రుద్దిన గాజుపళ్లెం చూపించింది. దాని నిండా చుక్కలే చుక్కలు. "కడుపుతో ఉన్నవాళ్లు తింటే బిడ్డ ప్రాణానికే ముప్పు. కోల్డ్‌రూములో ఉన్న చీజ్ లారీ ఎక్కడానికి వీల్లేదు."

"మూడో ట్యాంకు ఎవరు కడుగుతారో గుర్తుందా?"

ఆమెకి గుర్తుంది. కడిగేది వాళ్ల నాన్నే. ఇరవై ఆరేళ్లుగా ఒక్క బ్యాచీ కూడా చెడకుండా కడిగాడని, ఇంకో గంటలో క్యాంటీన్లో ఆయనకి షీల్డు ఇవ్వబోతున్నారు. పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది తనే. కాలరుకైతే రెండుసార్లు పెట్టె లాగింది.

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఆయనంటే గిట్టనివాళ్లెవరో చేసిన పని ఇది. కన్నకూతురివి, నలుగురిలో తండ్రి తల దించుతావా?"

చెత్తబుట్ట అడుగు దూరంలోనే ఉంది. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపుతోనే కాగితం లాక్కుని, 'సరుకు ఆపాలి' అని రాసి, కింద సంతకం గీసేసింది.

మేనేజరు పళ్లు నూరుకుంటూ వెళ్లి వాల్వు విప్పించాడు. రబ్బరు వెనక సన్నటి పగులు, అందులో పేరుకుపోయిన పాల మడ్డి. షీల్డు మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది. ఆమె కాగితం పట్టుకుని లారీ దగ్గరికి పరిగెత్తింది. నాన్న అప్పటికే ఆ ఇస్త్రీ చొక్కాతో లారీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నాన్నా, నీ షీల్డు పోగొట్టాను. తిట్టు."

"ఎందుకు తిట్టాలి? షీల్డు ఇస్తే గోడకి తగిలించుకునేవాణ్ని. ఇప్పుడు నిన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిరగాలనుంది."

"ఆ సీసా పెట్టిన మహానుభావుడెవరో! సంతకం కూడా ఉంచి ఉంటే నాకీ నరకం తప్పేది."

"సంతకం ఉంటే అది చూసి ఆపేదానివి తల్లీ. లేదు కాబట్టి నిజాన్ని చూసి ఆపావు."

ఆయన ఇస్త్రీ చొక్కా జేబులోంచి చిన్న కాగితం ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. విప్పి చూస్తే అది సీసా మీంచి చింపిన కింది సగం, దాని మీద వంకరటింకరగా నాన్న సంతకం.