బోనులో మిగిలినది

"మీకు గుడ్లు తెచ్చాను టీచరమ్మా," అంటూ నార్మన్ అట్టపెట్టెను వంటింటి బల్ల మీద పెట్టాడు.

ఎనిడ్ టీకి నీళ్లు పెట్టింది. "గుడ్లు తెచ్చావంటే ఏదో పనిపడే ఉంటుంది."

"మా బెల్లా ఎదకొచ్చింది. ఆడ ఫెర్రెట్ సంగతి మీకు తెలియనిదా? జతకట్టకపోతే ఎద చల్లారదు, ఒంట్లో రక్తం తగ్గి చచ్చిపోతుంది. మామూలు మగదానితో కడితే ఆరు వారాల్లో పిల్లలు. ఈ ఏడు వాటిని పెంచే ఓపిక నాకు లేదు. విల్ఫ్రెడ్ గారు ఆపరేషన్ చేయించిన మగదాన్ని మీరు రెండు రోజులు ఇస్తారేమోనని..."

"దానికి ఇంజెక్షన్ ఉందిగా?"

"సూదులా? ప్రదర్శనల్లో మూడు కప్పులు గెలిచింది టీచరమ్మా మా బెల్లా!"

కిటికీ అవతల, పెరట్లోని బోనులో, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే, కుందేళ్ల వేటకు పెంచే తెల్ల ఫెర్రెట్ గడ్డిలో ముడుచుకుని పడుకుంది. ఆమె భర్త విల్ఫ్రెడ్ దగ్గర అలాంటివి రెండు ఉండేవి. అన్నదమ్ములు, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవి. ఒకదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాడు. రెండోదాన్ని నలభై ఏళ్లుగా పెంచుకొస్తున్న జాతి నిలబడాలని అలాగే ఉంచాడు. బెల్లాతో దానికి ఒక్క ఈత కావాలని అడిగితే, "మీ కుందేళ్లవేట సరుకా నా బెల్లాకి?" అని నార్మన్ పబ్బులో నలుగురి ముందూ నవ్వాడు. ఆ సాయంత్రం విల్ఫ్రెడ్ భోజనం ముట్టలేదు. ఆసుపత్రిలో చివరిసారి మాట్లాడినప్పుడు కూడా, "ఒక్క ఈత, ఎనిడ్," అన్నాడు.

"ఒకటే కనిపిస్తోందేం?" నార్మన్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఒకటి ఫిబ్రవరిలో పోయింది. ఆయన పోయిన వారమే."

"అయ్యో! అయితే విల్ఫ్రెడ్ గారి జాతి అంతటితో సరి." మరీ బాధగా ఏమీ అనలేదు. "పోన్లెండి, నాక్కావలసింది మిగిలింది."

"నాలుగో తరగతిలోనూ నువ్వింతే నార్మన్. ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు రాసేసేవాడివి."

"ఈ వయసులోనూ నాకు అక్షింతలేనా?" నార్మన్ పగలబడి నవ్వాడు.

ఎనిడ్ విల్ఫ్రెడ్ పాత మఫ్లర్‌ను చెక్కపెట్టెలో పరిచి, ఫెర్రెట్‌ను తనే ఎత్తి అందులో పెట్టింది.

"మూడు రోజులు ఉంచుకో. తొందరేం లేదు."

"మీది ఎంత మంచి మనసు టీచరమ్మా!"

అతని వ్యాను మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, గోడ మీది క్యాలెండర్‌లో నలభై రెండు రోజులు లెక్కపెట్టి, పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది.

ఫిబ్రవరిలో పోయింది ఆపరేషన్ అయినది.